పాలకవరు వెనక

గార్గేయపురం బాలింతకు కుట్టిన పరుపు
పదో దినానికే ఆటోలో తిరిగొచ్చింది.
"వాసనొస్తాంది లాలెప్పా"
అన్నాడంతే ఆ బిడ్డ నాయన, నా మొగునితో.
అరిచినా బాగుండేది.

అంచు కుట్టు విప్పినాను.
దూది మడతల్లో నల్లటి చుక్కలు,
ఎవరో ఆవాలు చల్లినట్టు.

మేం దూదేకులోళ్లం.
మా మామది వింటికి నారి బిగించి ఏకిన చెయ్యి.
"దూదికి దప్పిక జాస్తి" అనేవాడు.
"గాల్లో నీళ్లుంటే గాలిని తాగుతాది,
గోడలో ఉంటే గోడను."
నవ్వేదాన్ని నేను.
కర్నూల్లో గాల్లో నీళ్లు యాడివి మామా, అని.

ఉత్తరం గోడకు మోకాటి ఎత్తున బూజు.
దాని పైన తెల్లటి పూత,
నాలిక్కి తగిలిస్తే ఉప్పు. చూసినాను.
మూడేండ్లలో మూడు రంగులేసినాం.
లేత పచ్చ, నీలం,
ఆఖరికి తుడిస్తే పోతాదన్న మెరుపు రంగు.
అది అమ్మోరు పోసినట్టు బొబ్బలెక్కింది.
మూలల్లో కర్పూరం పెట్టినా.
బూజుకు కర్పూరం వాసన పట్టింది, అంతే.

మద్దిలేటి మేస్త్రి వచ్చినాడు.
ఎద్దు వీపు తట్టినట్టు గోడను తట్టినాడు.
సుత్తె తియ్యలేదు, పాలకవరు అడిగినాడు.
కోసి, కడిగి, ఆరబెట్టి,
నాలుగంచులా టేపేసి గోడకు అంటించినాడు.
"రెండ్దినాలు ముట్టొద్దు.
కవరు మీద చెమరిస్తే
మీ వంట, మీ ఊపిరి, మీ తడిబట్టలు.
వెనక చెమరిస్తే గోడే తాగుతాంది.
తాపిస్తాండేది ఎవరో అప్పుడు చూద్దాం."

మూడో పొద్దున
కవరు మీద పొడి.
వెనక చుక్కలు, చుక్కలు,
ముగ్గెయ్యడానికి పెట్టినన్ని.

గోడకు ఆ పక్క సుంకులమ్మక్క.
కొట్లాటకని కొంగు దోపుకొని పోయినాను.
పెరట్లో సిమెంటు తొట్టి,
మూడు గోడలు ఆమెవి, నాలుగోది మాది.
అడుగున వెంట్రుకంత బీట.
చుట్టూ ఆరు బిందెలు, రెండు డ్రమ్ములు,
పిడి ఊడిన కుక్కరు,
అన్నిట్లో నీళ్లు.

"కొళాయి రేపొస్తాదని ఎవురు రాసిచ్చినారు?" అనింది.
పత్తికొండ పక్క పల్లెలో పుట్టిందంట.
చెలమలో గిన్నె ముంచి
ఊరేదాకా కూచొని,
మళ్లా ముంచి, మళ్లా కూచొని
పెరిగిందంట.
ఒక తొట్టన్నా నిండుగా కనపడకుంటే
ఇప్పటికీ రాత్రిళ్లు నాలిక పిడచ కడతాదంట.

నేను తెచ్చుకున్న మాటలు
నోట్లోనే నానిపోయినాయి.
మా దూదిలో నలుపు
ఈమె దాచుకున్న దప్పిక.

తొట్టి తోడి వీధంతా పంచినాం.
గోడకు మూరెడు ఎడంగా, ఇటుకల మీద
నల్ల ట్యాంకు కూచోబెట్టినాం.
సగం దుడ్లు మావి.
మిగతా సగానికి ఆమె మాకు గలీబులు కుడతాంది.

రంగు గీకినాం. మెరుపు కింద నీలం,
నీలం కింద పచ్చ, దాని కింద ఎవరిదో గులాబీ,
అన్నిటి కింద మామ పూసిన సున్నం.
"గోడకు రగ్గు కప్పి
చెమట పట్టిందంటే ఎట్లమ్మా" అన్నాడు మేస్త్రి.
మళ్లా సున్నమే. అంగుళం ఆరాలంటే నెల, అన్నాడు.
మా గోడ మందం మూరెడు.

పాడైన దూది కాల్చేసినాను.
మూడెండలు తగిలిస్తే పనికొస్తాదన్నాడు లాలెప్ప.
పసిబిడ్డ ముక్కు, నేనొప్పలేదు.
కొత్త పరుపు కుట్టి ఊరికే పంపినాం.

ఇప్పుడు మూటలు చెక్కల మీద,
గోడకు బెత్తెడు దూరం.
మిట్టమధ్యాన్నం కిటికీలు తెరుస్తా,
మబ్బు పడితే మూస్తా.
మే నెల ఎండను రా రమ్మంటాండే దాన్ని చూసి
వీధిలో నవ్వుతాండారు.

అమాసకొకసారి కొత్త పాలకవరు.
పోయిన నెల పదకొండు చుక్కలు.
ఈ పొద్దు టేపు లాగుతాంటే
గోడకు ఆ పక్కనుంచి
బిందె దించిన చప్పుడు,
ఆ వెనకే సుంకులమ్మక్క గొంతు:
"ఎన్నుండాయి మే?"